పదకొండున్నర గోలీలు

పులులు తిరిగే అడవుల అంచున, నేల కడుపు నిండా బొగ్గు దాచుకున్న సీమలో, నిప్పులు చెరిగే ఎండలో, మనిషి ఒంట్లో ఏళ్ళ తరబడి తిష్ఠ వేసే ఒక మహమ్మారి అంతు చూడటానికి బయల్దేరిన యువకుడి మహాయాత్ర ఇది. ఈ యాత్రలో నేను రాష్ట్రం పొలిమేర దాటాను. నదిని దాటాను. పాతకాలపు కోట గుమ్మం దాటాను.

పొలిమేర దాటినప్పుడు నిద్రపోతున్నాను. నదిని దాటింది బస్సు. కోట గుమ్మంలో నా ఆటో ఒక గేదె వెనక పావుగంట ఇరుక్కుపోయింది. ఇక మహమ్మారి సంగతికొస్తే, నేను వెళ్ళింది ఒక సగం గోలీ గురించి అడగడానికి. చంద్రపూర్‌కు జనం పులిని చూడటానికి వెళ్తారు. నన్ను మా ఆఫీసు గోలీ ముక్కను చూడటానికి పంపింది.

హైదరాబాద్‌లో, కొత్త మందుల మీద పరిశోధన చేయించే ఒక కంపెనీలో నాకు ఉద్యోగం. తెల్లకోటు, గాజు గొట్టాల్లో పొగలు ఊహించుకోకండి. నా పని గోలీలు లెక్కపెట్టడం. షుగరు వ్యాధికి ఒక కొత్త గోలీని పరీక్షిస్తున్నారు. పరీక్షలో చేరినవాళ్ళంతా రోజూ వేసుకునే తమ మందులు వేసుకుంటూనే ఉంటారు. దానికి తోడు సగం మందికి ఈ కొత్త గోలీ, మిగతా సగం మందికి అచ్చం దానిలాగే ఉండే ఉత్త గోలీ. డబ్బా మీద ఒక అంకె తప్ప ఏమీ ఉండదు. ఎవరికి ఏది వెళ్ళిందో రోగికి తెలియదు, డాక్టరుకు తెలియదు, నాకు అసలే తెలియదు. ఏమీ తెలియకుండా ఉన్నందుకు జీతమిచ్చే ఉద్యోగం ఇదొక్కటే అనుకునేవాణ్ణి. మా పై ఆఫీసరును చూశాక ఇంకా ఉన్నాయని తెలిసింది.

డబ్బాలో నలభై గోలీలుంటాయి. రోజుకొకటి వేసుకుని, ఇరవై ఎనిమిది రోజుల తర్వాత మిగిలినవాటితో డబ్బా తిరిగి తేవాలి. లెక్క ప్రకారం పన్నెండు మిగలాలి. ఎవరికీ పన్నెండు మిగలవు. ఒకరు పదిహేను తెస్తారు, ఒకరు తొమ్మిది తెస్తారు. ఒక పెద్దాయన నలభై ఒకటి తెచ్చాడు, ఎలా తెచ్చాడో ఇప్పటికీ తేలలేదు. అలాంటి లోకంలో, చంద్రపూర్ కేంద్రానికి వచ్చే ఇద్దరు తోడికోడళ్ళు మాత్రం ఐదు నెలల పాటు చెరో పన్నెండు తెచ్చారు. ఆరో నెల చెరో పదకొండున్నర తెచ్చారు.

మా ఆఫీసరు ఆ రెండు సగాల ఫొటోలను కంప్యూటరు మీద పక్కపక్కన పెట్టి జరిపాడు. చించిన టికెట్టు రెండు ముక్కల్లా అతికాయి. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "వెళ్ళి కనుక్కో" అన్నాడు.

రైల్లో, అడగకుండానే డాక్టరునయ్యాను

కాజీపేట దాటాక ఎదురు సీటులోకి రాజయ్య అనే పెద్దాయన వచ్చాడు. కరీంనగర్ వైపు నుంచి చిన్నప్పుడే బల్లార్‌పూర్ బొగ్గు బావుల్లో పనికి వెళ్ళి, అక్కడే రిటైరై, అక్కడే ఉండిపోయిన మనిషి. ఏం పని మీద పోతున్నావని అడిగాడు. షుగరు మీద పరిశోధన అన్నాను, నా గొంతు కొంచెం లావు చేసుకుని. అంతే, సంచిలోంచి తన గోలీల పట్టీలన్నీ తీసి సీటు మీద పేకముక్కల్లా పరిచాడు. ఏది తిండికి ముందు, ఏది తర్వాత అని అడిగాడు. నేను డాక్టరును కాదని మొత్తుకున్నాను.

"గందుకే అడుగుతున్న" అన్నాడు. "డాక్టర్లకు టైమ్ ఉండదు."

ఫీజు కింద సర్వపిండి పెట్టాడు. అందులో నువ్వులు ఎక్కువ, కారం ఇంకా ఎక్కువ. చంద్రపూర్‌లో ఏం చూడాలని అడిగితే, నీడ చూడమన్నాడు. బల్లార్‌పూర్ స్టేషను పేరు బల్లార్షా. అక్కడ దిగిపోతూ, నా చేతిలో మిగిలిన సర్వపిండి ముక్కను వెనక్కి తీసుకుని, "షుగరు మీద పనిచేస్తున్నవు, ఎక్కువ తినకు" అని హెచ్చరించాడు.

చంద్రపూర్: నలభై ఆరు

స్టేషన్ బయట నా ఫోను నలభై ఆరు డిగ్రీలంది. కాసేపటికి ఆ ఫోను కూడా, వేడెక్కాను, నన్ను చల్లబడనివ్వు అని రాసి ఆరిపోయింది. ఊళ్ళో అందరూ తలకు, మొహానికి తెల్ల రుమాళ్ళు చుట్టుకుని కళ్ళు మాత్రమే వదిలారు. మా హైదరాబాద్‌లో అలా కనిపిస్తే బ్యాంకు వాచ్‌మన్ లోపలికి రానివ్వడు. ఇక్కడ బ్యాంకు వాచ్‌మనే అలా ఉన్నాడు.

జట్‌పురా గేటు చూశాను, గేదె వెనకనుంచి. రాజుల కాలపు రాతి గుమ్మం. ఎన్ని సైన్యాలు దాటాయో గానీ, గేదె ముందు అన్నీ ఆగి ఉంటాయని నమ్ముతున్నాను.

పరిశోధన కేంద్రం అంటే ఒక క్లినిక్ పైన మూడు గదులు. ఒక గదిలో రక్తం తీస్తారు, రెండో గదిలో గిర్రున తిప్పి వేరుచేస్తారు, మూడో గదిలో ఫ్రిజ్. రక్తం తిప్పే యంత్రం మా ఇంటి మిక్సీ కంటే తక్కువ చప్పుడు చేస్తుంది, అంతకు మించి తేడా నాకు కనిపించలేదు. వరండాలో రోగులు. గోడ మీద పొగాకు నిషేధం అని మరాఠీలో ఇంత పెద్ద అక్షరాలు. దాని కింద ముగ్గురు కూర్చుని ఖర్రా రుద్దుకుంటున్నారు. ఖర్రా అంటే పొగాకు, వక్క, సున్నం ప్లాస్టిక్ కాగితంలో వేసి అరచేతుల మధ్య నలిపేది. ఈ జిల్లాలో టీ కంటే ముందు పరిచయానికి అదే ఇస్తారు. నాకూ ఇచ్చారు. వద్దంటే, పాపం బాలేదేమో అన్నట్టు చూశారు.

కేంద్రం పనంతా చూసేది స్వాతి. ఆ ఊరి బాబుపేట్‌లో పుట్టిపెరిగిన బొగ్గు బావి కార్మికుడి కూతురు. నాలుగు భాషలు మాట్లాడుతుంది, తెలుగు మాత్రం చదవలేదు. ఆ ఊరి తెలుగువాళ్ళలో చాలామంది అంతే. స్కూల్లో మరాఠీయే చదివారు. మేం హైదరాబాద్ నుంచి ఎంతో శ్రద్ధగా అచ్చు వేయించి పంపిన తెలుగు సమ్మతి పత్రాలు ఫ్రిజ్ కాళ్ళ కింద ఎత్తుకు ఉపయోగపడుతున్నాయి. "మరాఠీది చదివి తెలుగుల చెప్త సార్" అంది స్వాతి. "మీ తెలుగు మస్తు బరువుంటది. ఫ్రిజ్ కదల్తలేదు."

సగం గోలీ మాట ఎత్తగానే ఆమె నవ్వు ఆపేసింది. పెద్ద తోడికోడలు గంగుబాయి, చిన్నామె శాంతాబాయి. వాళ్ళది రాజురా పట్నం అవతల ఊరు. రెండో నెలలో గంగుబాయి చెప్పు విప్పిస్తే బొటనవేలు కింద పుండు కనిపించిందట. షుగరు వల్ల కాలికి స్పర్శ పోయి, ఆమెకు నొప్పే తెలియలేదు. ఇంకొంచెం ఆలస్యమైతే వేలు తీసేయాల్సి వచ్చేదని డాక్టరు మేడం అన్నారట. అప్పటినుంచి నెలనెలా కాలు చూసి, కట్టు కట్టి, పుండు మాన్పించారు.

"మీరు రాసిండ్రనుకో, వాళ్ళను పరీక్షలకెళ్లి తీసేస్తరు" అంది స్వాతి. "గంగుబాయి ఇంకే దవాఖానకు పోదు సార్. ఆమెను తీసేస్తే శాంతాబాయి ఒక్కతి రాదు. శాంతాబాయిని తీసేస్తే ఆమె రాదు."

తీసేయడం నా చేతిలో లేదన్నాను.

"మీ చేతిల ఏమున్నది మరి?"

"లెక్క."

"అయితే జర చూసి లెక్కపెట్టుండ్రి" అంది.

రాజురా దారి: నిండు టికెట్టు, సగం టికెట్టు

రెండో రోజు పొద్దున బాబుపేట్‌లో స్వాతి, నేను తర్రి పోహా తిన్నాం. అటుకుల ఉప్మా మీద శనగల ఎర్ర పులుసు పోసి ఇస్తారు. ముప్పై రూపాయలు. మా ఇంట్లో అటుకులు జబ్బుపడ్డవాళ్ళకు పెడతారు. ఇక్కడ జబ్బుపడాలంటే పెడతారు. చెమట ఎండకు పట్టిందో పులుసుకు పట్టిందో విడివిడిగా చెప్పలేను. ఏది దేనివల్లో తేల్చడమే మా కంపెనీ పని కాబట్టి ఈ మాట సిగ్గుతో ఒప్పుకుంటున్నాను.

ఎర్ర బస్సులో నాకు నిండు టికెట్టు, స్వాతికి సగం. మహారాష్ట్రలో ఆడవాళ్ళకు సగమే. మా దగ్గర ఆడవాళ్ళకు పూర్తిగా ఉచితం అని గొప్పగా చెప్పాను, ఆ పథకం నేనే పెట్టినట్టు. పక్క సీటామె విని, మరి మీ దగ్గర సీటు దొరుకుతుందా అని అడిగింది. మాట మార్చి కిటికీలోంచి వర్ధా నదిని చూశాను. నది ఎక్కువగా ఇసుకే. బొగ్గు లారీల వెనక రాజురా చేరేసరికి నా తెల్ల చొక్కా కూడా బొగ్గు బావిలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైనట్టుంది.

అక్కడినుంచి షేర్ ఆటోలో తోడికోడళ్ళ ఊరికి. తెలుగు ఊరే. తరాలుగా పత్తి, కంది పండిస్తున్న కాపు ఇళ్ళు. పలకరింపు "రాం రాం". తిట్టు తెలుగు. లెక్క మరాఠీ.

రెండు కూరలు, ఆరు రొట్టెలు

అన్నదమ్ములిద్దరూ పెళ్ళికి పోయారు. తోడికోడళ్ళే ఉన్నారు. గంగుబాయి పొడుగు, మాట తక్కువ. శాంతాబాయి పొట్టి, ఆ తక్కువైన మాటలన్నీ ఆమె దగ్గరున్నాయి. నన్ను చూడగానే ఎందుకొచ్చానో అర్థమైనట్టుంది. కానీ తిండి పెట్టకముందు నేరం అడగనివ్వడం ఆ ఇంట్లో లేదు.

ఇక్కడ ఒక ఆచారం చెప్పాలి. ఆ ఇంట్లో ఇద్దరు కోడళ్ళూ చెరో కూర వండుతారు. చుట్టం రెండూ సమంగా తినాలి. గంగుబాయి పుంటికూరతో, అంటే గోంగూరతో, నేను మూడు జొన్నరొట్టెలు తిన్నాను, తెలియక, ఆకలి మీద. నాలుగోది వద్దనగానే శాంతాబాయి వంకాయ కూర ముందుకు జరిపి, లెక్కగా ఇంకో మూడు రొట్టెలు పెట్టింది. కడుపు నిండింది చిన్నమ్మా అన్నాను.

"అక్క రొట్టెలు మూడు తిని నావి తినకపోతే, నా చేతిల ఏమన్న ఉన్నదా బిడ్డా?" అంది.

తిన్నాను. నలభై ఆరు డిగ్రీల్లో ఆరు రొట్టెలు. పరిశోధనలో దీన్ని దుష్ప్రభావం అంటారు. నన్ను నేనే నమోదు చేసుకున్నాను.

గోలీలు చూపించమన్నాను. గంగుబాయి లోపలికి వెళ్ళి ఒక ఇత్తడి పాన్‌డబ్బా తెచ్చింది. వాళ్ళ అత్తది. తమలపాకుల అరలో ఆకులు లేవు. రెండు డబ్బాల గోలీలూ ఒకటిగా పోసి ఉన్నాయి. పక్క అరలో అడకత్తెర.

"ఎవరు చెప్పారు కలపమని?"

"మా అత్త" అంది శాంతాబాయి.

"ఆమెను పిలవండి."

"పోయి ఏడేండ్లాయె."

ఆ అత్త కథ నాకు వంతులవారీగా చెప్పారు, ఒక వాక్యం పెద్దామె, ఒక వాక్యం చిన్నామె. ఇంట్లోకి ఏం వచ్చినా ఒక్క గిన్నెలో పడాలి, ఆ గిన్నెలోంచి సగం సగం కావాలి. మామిడిపండయితే ఒకరు కోయాలి, రెండోవాళ్ళు ముందు ముక్క తీసుకోవాలి. పుట్టింటినుంచి ఒక పట్టుచీర, ఒక నూలుచీర వస్తే పండగ పండగకూ మార్చి కట్టుకోవాలి. పొద్దున ఒక కోడల్ని తిడితే సాయంత్రానికి ఏదో వంక వెతికి రెండో కోడల్నీ తిట్టేదట. "బాకీ పెట్టకపోయేది" అంది గంగుబాయి భక్తిగా.

అలాంటి ఇంట్లోకి మేం వేరువేరు అంకెలున్న రెండు డబ్బాలు పంపాం.

"స్వాతి బిడ్డనే చెప్పింది" అంది గంగుబాయి. "ఒకదాంట్ల మందుంటది, ఒకదాంట్ల ఉత్తదుంటది అని. ఒక్క ఇంట్ల ఒకలకు మందు, ఒకలకు సున్నమా?"

"అక్క డబ్బల మందు లేక నా డబ్బల ఉంటే, నేను అక్కకు మొకం ఎట్ల చూపియ్యాలె?" అంది శాంతాబాయి.

కాబట్టి డబ్బాలు అందిన రోజే రెండూ కలిపి, బాగా కదిపి, రోజూ రాత్రి తిండి తర్వాత చెరొకటి వేసుకున్నారు. ఒక్క రోజూ తప్పలేదు, ఒకరు మరిచిపోతే రెండోవాళ్ళు గుర్తుచేశారు కాబట్టి. నెల చివర మిగిలిన ఇరవై నాలుగూ చెరి సగం. ఆరో నెల ఒక గోలీ చెయ్యి జారి నేల మీద పడింది. కోడి మింగింది. ఇరవై మూడు మిగిలాయి. గంగుబాయి అడకత్తెరతో ఒకటి కోసింది, శాంతాబాయి ముందు ముక్క తీసుకుంది.

ఆ కోడిని చూపించారు. బాగానే ఉంది. నా నోటుబుక్కులో దానికి గడి లేదు.

గోలీలు ఇతరులకు ఇవ్వకూడదని కాగితంలో రాసి ఉంది కదా అన్నాను.

"ఇతరులకు ఏడ ఇచ్చినం? అక్కకే ఇచ్చిన" అంది శాంతాబాయి.

అప్పుడు నేను విజ్ఞానశాస్త్రం తరపున నిలబడ్డాను. మీరు కలిపేస్తే ఏ గోలీ ఎవరికి పనిచేసిందో మాకు ఎలా తెలుస్తుంది అని అడిగాను.

"కలపకపోతే నీకు తెలుస్తుండెనా?" అంది గంగుబాయి.

"నాకు తెలియదు. చివర్లో పైవాళ్ళకు తెలుస్తుంది."

"మరి నీకెందుకు బిడ్డా గింత ఫికర్?"

విజ్ఞానశాస్త్రం కూర్చుంది.

శాంతాబాయి, స్వాతి గిన్నెలు తీసుకుని వెనక్కి వెళ్ళాక, గంగుబాయి చెప్పులోంచి కాలు తీసి నా ముందు పెట్టింది. బొటనవేలు కింద చర్మం కొత్తగా, లేత రంగులో ఉంది. ఆమె గొంతు తగ్గించింది. "కలిపింది నేనే అని రాయి. శాంతకు తెల్వదను. నా కాలు మంచిగైంది, నేను రాకున్నా నడుస్తది. దాన్ని తియ్యకుండ్రి."

నోటుబుక్కు మూసి జేబులో పెట్టుకున్నాను.

ఆటో దాకా సాగనంపడానికి శాంతాబాయి వచ్చింది. స్వాతి ముందుకు వెళ్ళి ఆటోవాడితో బేరం మొదలుపెట్టగానే, ఈమె నా చొక్కా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆ పని నేను చేసిన అని రాయి కొడుకా. అక్క పేరు పెట్టకు. అక్కకు ఆ వేలు మళ్ళా పుండైతే, ఆమెకే తెల్వదు. చూసేటోళ్ళుండాలె."

ఆ ఇంట్లో సగం చేయకుండా మొత్తం తమకే కావాలని ఇద్దరూ అడిగింది ఆ నింద ఒక్కటే. ఈ వాక్యం ఆటోలో కూర్చుని తయారు చేసుకున్నాను. బాగుందనిపించింది. తర్వాత ఆటో గుంతలో పడింది, రొట్టెలు కదిలాయి, రాజురా దాకా ఇంకే ఆలోచనా రాలేదు.

బస్సులో స్వాతి అడిగింది, ఏం రాస్తారని. గోలీ చేతిలో విరిగిందని ఒక్క ముక్క రాస్తే సరిపోతుంది. కోడి సాక్ష్యం చెప్పదు. కానీ ఆ గోలీ రేపు నిజంగా ఎవరెవరి ఒంట్లోకో వెళ్తుంది, ఈ లెక్కల్ని నమ్మే వెళ్తుంది. అందుకని ఉన్నది ఉన్నట్టే రాస్తానన్నాను. ఆమె కిటికీ వైపు తిరిగింది. చంద్రపూర్ దాకా నాలుగు భాషల్లోనూ మాట్లాడలేదు.

మేడం గదిలో రెండు నిమిషాలు

మూడో రోజు పొద్దున నేను డాక్టరు మేడం గదిలోకి తలదించుకుని వెళ్ళాను. దారిలో రెండు మూడు ప్రసంగాలు సిద్ధం చేసుకున్నాను. మానవత్వం గురించి ఒకటి, ఉమ్మడి కుటుంబం గురించి ఒకటి. ఉద్యోగం పోయినా పర్వాలేదు అనేది మూడోది, దాన్ని అవసరమైతేనే వాడాలనుకున్నాను. స్వాతి గుమ్మం దగ్గరే నిలబడింది.

నాగపూర్ ఆవిడ మేడం. హిందీలో, టీలో బిస్కెట్టు ముంచుతూ విన్నారు. పాన్‌డబ్బా దగ్గర ఒకసారి, కోడి దగ్గర ఒకసారి బిస్కెట్టు టీలో పడిపోయింది. మొత్తం విన్నాక, వాళ్ళని తీసేయాలని నీకు ఎవరు చెప్పారు అని అడిగారు.

నేను స్వాతి వైపు చూశాను. స్వాతి నా వైపు చూసింది.

నియమం తప్పినవాళ్ళని బయటికి పంపేస్తే చివరికి పరీక్షలో మా ఆఫీసరు ఒక్కడే మిగులుతాడట. తప్పు జరిగితే రాసుకోవాలి. మనుషులు చివరిదాకా వస్తూనే ఉండాలి, కాలు, కన్ను, రక్తం అన్నీ చూస్తూనే ఉండాలి. మందు గుంపైనా, ఉత్త గోలీ గుంపైనా, మొదట ఏ గుంపులో పడ్డారో ఆ గుంపులోనే లెక్క. ఉద్యోగంలో చేరినప్పుడు శిక్షణలో ఇది చెప్పలేదా అని అడిగారు. చెప్పారు. మధ్యాహ్నం భోజనం తర్వాత చెప్పారు, నేను కూడా అక్కడే ఉన్నాను, కానీ ఆ భోజనంలో బిర్యానీ పెట్టారు.

ఇక గోలీలు కలపొద్దని స్వాతి వాళ్ళకు మళ్ళీ చెప్పాలన్నారు. చెప్తే వినరని స్వాతి అంది. విననిది కూడా రాయాలన్నారు. నేను బయటికొస్తుంటే మేడం ఇంకో మాట అన్నారు. డబ్బాల మీద అంకెలు ప్రతి మనిషికీ వేరుగానే ఉంటాయి. దాన్నిబట్టి లోపల వేరే గోలీలున్నాయని కాదు. ఇద్దరికీ మందే వచ్చి ఉండొచ్చు, ఇద్దరికీ ఉత్తదే వచ్చి ఉండొచ్చు. అలాగైతే ఆరు నెలలుగా ఆ తోడికోడళ్ళు ఎంతో నిష్ఠగా ఒకే రకం గోలీలను ఒకే రకం గోలీలతో కలుపుతున్నట్టు.

స్వాతి వెంటనే గంగుబాయి ఇంటికి ఫోన్ చేసింది. ఎవరినీ తీసేయడం లేదని చెప్పింది. అవతల ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. ఒక్కో చెవి ఒక్కొక్కరికి ఇద్దామంటే ఫోను ఒకటే.

ఒంటిగంట దాటాక నేను తప్పులు నమోదు చేసే ఫారం తీశాను. రెండు పేజీలు. 'ఎవరి వల్ల జరిగింది' అనే చోట ఒకే గీత ఉంది. ఇద్దరూ చెవిలో చెప్పినవి పక్కన పెట్టి, ఇద్దరి పేర్లూ ఆ గీత మీదే, ఒకే పొడవు వచ్చేలా రాయాలని పెన్ను మూత తీశాను. స్వాతి నా చెయ్యి ఆపింది. నల్ల సిరాతో నింపితే జిరాక్సు అనుకుని మా ఆఫీసే వెనక్కి పంపుతుందట. నీలి సిరా కావాలి. కేంద్రంలో ఉన్న ఒక్క నీలి పెన్ను మేడం జేబులో భోజనానికి ఇంటికెళ్ళిపోయింది. చంద్రపూర్‌లో ఎండాకాలం స్టేషనరీ దుకాణాలు ఒంటిగంటకు మూసి ఐదింటికి తెరుస్తారు.